ఏడో గడి

ఎలక పిల్లల్ని ముట్టుకోబోయే ముందు సులోచన ఆ పెట్టెలోని ఊకనే గుప్పెడు తీసి రెండు అరచేతులకీ బాగా రుద్దుకుంటుంది. ఏ పెట్టె పిల్లలకి ఆ పెట్టె ఊకే, పక్కపెట్టెది పనికిరాదు. మనిషి వాసనో సబ్బు వాసనో అంటిందంటే తల్లి పిల్లల్ని కొరికి తినేస్తుంది. తిన్నాక మూతి తుడుచుకుని మూల కూర్చుంటుంది, నాకేం తెలుసన్నట్టు. ఈ సంగతి ఆమెకి ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సిన పెద్దలు గుమ్మం దాటి లోపలికొస్తే కదా నేర్పేది.

గుడివాడలో ఆ ఫార్మసీ కాలేజీ వెనక, సైకిల్ స్టాండు దాటాక ఉంటుంది ఎలకల గది. రెండు వరసల ఇనప అలమరలు, ఇరవై నాలుగు పెట్టెలు, అన్నీ తెల్ల ఎలకలు. మంగళవారం పొద్దున సులోచన నీళ్ళ సీసాలు ఒక్కొక్కటీ తలకిందులు చేసి, గొట్టం చివర బొట్టు నిలుస్తోందా కారుతోందా అని చూస్తోంది. కారే సీసా అంటే ఆమెకి పాము కన్నా భయం. కారితే ఊక తడుస్తుంది, తడిస్తే పిల్లలు చల్లబడతాయి, చల్లబడితే చస్తాయి, చస్తే తన మెడకి చుట్టుకుంటుంది. ఒక్క నీటిబొట్టు దగ్గర మొదలెట్టి శవం దాకా వెళ్ళిరావడం ఆమెకి క్షణంలో పని.

"సులోచనా! ఇలా రా."

పిచ్చేశ్వరరావు గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఈ గదికి పెద్ద ఆయనే. నాలుగేళ్ళ నుంచీ పెద్ద. ఈ నాలుగేళ్ళలో ఆయన బూటు గుమ్మం ఇవతల పడ్డం సులోచన చూళ్ళేదు. జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని అక్కణ్ణించే లోకమంతా చూసేస్తారు. ఆయన వెనక, బందరు నుంచి రోజూ రైల్లో వచ్చే శ్రీలేఖ మేడమ్. సార్ దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. ఎలకని పట్టుకోవడానికి రెండు జతల గ్లవ్స్ వేసుకుని, అయినా కళ్ళు మూసుకునే పిల్ల.

"ఎన్నిసార్లు చెప్పాను నీకు, ఒక పెట్టె పిల్లల్ని తీసి ఇంకో పెట్టెలో వెయ్యొద్దని?"

"నేనెందుకేస్తానండీ?"

"ఎందుకేశావో నాకేం తెలుసు? ఊక మార్చేటప్పుడు అన్నీ ఒక బుట్టలో పోసుంటావు. రెండో రోజు పిల్లల గుండెలు కోసి చూస్తే అన్నీ ఒకలా ఉండాలి. కొన్ని రెండో రోజు వాటిలా ఉన్నాయి, కొన్ని నాలుగో రోజు వాటిలా ఉన్నాయి. అంటే పిల్లలు కలిసిపోయాయి. వాటంతటవే నడిచెళ్ళి ఇళ్ళు మారాయా?"

"లేదండీ. దేవుడి తోడు, ఏ పెట్టె పిల్లలు ఆ పెట్టెలోనే..."

"దేవుణ్ణి తేకు మధ్యలో. పుట్టిన రోజు నువ్వే కదా రాసేది?" గుమ్మం పక్కన మేకుకి వేలాడే రిజిస్టరుని రుమాలున్న చేత్తోనే చూపించారు. "రాత సరిగ్గానే ఉంది. రాత సరిగ్గా ఉండి గుండె తేడాగా ఉందంటే మధ్యలో చెయ్యి పెట్టింది నువ్వే. సోమవారం హైదరాబాదు నుంచి రత్నకుమారి గారొస్తున్నారు, మా పని చూడ్డానికి. ఆవిడకేం చెప్పమంటావ్? ఆయా నిర్లక్ష్యం అని కాగితం పెట్టేస్తాను. వచ్చే నెల నుంచి నువ్వు ఇంకోచోట చూసుకో."

సులోచన శ్రీలేఖ మొహంకేసి చూసింది. ఆ పిల్ల ఫోన్లోకి చూసుకుంటోంది. ఫోను వెలగడం లేదు. నల్లటి అద్దంలో ఏం కనిపిస్తుందో ఆ చదువులకి!

వాళ్ళు వెళ్ళిపోయాక సులోచన పదకొండో నంబరు పెట్టె దించింది. కొత్తగా పెట్టిన పిల్లలు తొమ్మిది, వేళ్ళ గణుపుల్లా ఎర్రగా, చర్మంలోంచి పొట్టలోని పాలు తెల్లచుక్కలా కనపడుతూ. నిన్నటివి. చెవులు తలకి అంటుకునే ఉన్నాయి. ఆ మడత విప్పుకునేది మూడోనాడు. పుట్టిన పిల్లని చూసి ఎన్నోనాడో చెప్పలేనివాళ్ళు గుండె కోసి చెబుతారంట.

చేతులకి ఊక రుద్దుకుంది.  అరచేతులు మండేదాకా రుద్దుకుంది.

*

"నువ్వేం మాట్లాడకమ్మా," అంది ఏంజెల్. "నీకు దణ్ణం పెడతాను."

ఏంజెల్ అదే కాలేజీలో బీఫార్మసీ మూడో ఏడు. పొద్దున ఇద్దరూ ఒకే టైముకి బయల్దేరతారు, కూతురు మాత్రం పది అడుగులు వెనక నడుస్తుంది. గేటు దాటాక ఆ పది ఇరవై అవుతాయి. సులోచన తప్పు పట్టదు. పైకి.

"నేను తప్పు చెయ్యలేదే."

"చేశావని నేనన్నానా? ఆయనే మాకు ఇంటర్నల్స్ వేసేది. నువ్వు ఆయనతో వాదించావనుకో, అక్కడ నువ్వు గెలుస్తావు, ఇక్కడ నేను పోతాను. ఉద్యోగం పోతే పోయింది. నాన్న ఆటో ఉందిగా."

"నాన్న ఆటో!" అంది సులోచన. ఆ ఆటో ఏలూరు రోడ్డులో వారానికి మూడు రోజులు తోసుకుంటేగాని కదలదు. మొగుడు దయానందం మంచం మీద కూర్చుని తన ఊసు వినపడనట్టు టీవీ చూస్తున్నాడు. మంచివాడు. మంచివాళ్ళతో అదే బాధ, తిట్టడానికి చోటుండదు.

కూర కలుపుతూ సులోచన ఆలోచనల్లో ముందుకెళ్ళిపోయింది. కాగితం పెడతారు. కాగితంలో నిర్లక్ష్యం అని ఒక్కటే ఉండదు, దొంగతనం అని కూడా రాస్తారు, ఒక అబద్ధం రాసే చేతికి రెండోది ఎంతసేపు? సోమవారానికి ఊరంతా తెలుస్తుంది. చర్చి సంఘంలో తెలుస్తుంది. ఏంజెల్‌ని మార్కుల్లో తప్పిస్తారు. పిల్ల అన్నం మానేస్తుంది. అన్నం మానేస్తే...

"అమ్మా, అడుగంటుతోంది!"

"చూస్తున్నానే."

"ఏం చూస్తున్నావో! నువ్వు చూసేది ఎప్పుడూ జరగనిదే. క్యాంపుకొచ్చి పరువు తీసినట్టు."

ఆ మాట ఇంట్లో పాతబడదు. పోయిన నెల దివిసీమలో కోడూరు దగ్గర కాలేజీవాళ్ళు క్యాంపు పెడితే ఏంజెల్ వెళ్ళింది. శనివారం పొద్దున "ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉందమ్మా" అని మెసేజ్ పెట్టింది. కొంచెం వెచ్చగా! సులోచన మధ్యాహ్నానికి గది తాళం వేసి బస్సెక్కింది. పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ, అక్కణ్ణించి షేర్ ఆటో. చీకటిపడ్డాక చేరేసరికి పిల్ల స్కూలు వరండాలో కూర్చుని చేప వేపుడు తింటోంది. అందరూ చూస్తుండగా సులోచన కూతురి నుదురు పట్టుకుని చూసింది. నూనె తప్ప ఇంకేం అంటలేదు చేతికి.

దేవుడి వాక్యాల క్యాలెండర్ వంటగది తలుపు వెనక వేలాడుతోంది, సంఘంలో కొత్త సంవత్సరానికి ఇచ్చింది. దాని గళ్ళలో సులోచన పెన్సిల్ రాతలు: 5, శని రాత్రి. 11, శని రాత్రి. చిన్నప్పుడు కోడిని పొదగేసిన రోజు గోడమీద బొగ్గుతో గీసుకునేవాళ్ళు, ఇరవై ఒకటో నాడు చూసుకోవడానికి. ఆ అలవాటే ఎలకల దగ్గరా వచ్చింది.

కాలేజీకి ఆదివారం సెలవు. ఎలకలకి సెలవుండదు. ఆదివారం ఆరాధన అవగానే సులోచన ఆ చీరతోనే ఎలకల గదికి వెళ్ళి సీసాలు చూసొస్తుంది. గేటు దగ్గర కాపలా దేవదానం వాళ్ళ సంఘమే. తాళం తీస్తాడు, ఎవరికీ చెప్పడు. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ అడగలేదు. సీసా కారితే? అంతే, అదొక్కటే.

అక్కడ రిజిస్టరులో ఆదివారానికి గడి లేదు. విద్యార్థుల హాజరు పుస్తకాలు కొట్టించే ప్రెస్సులోనే పిచ్చేశ్వరరావు గారు దాన్నీ కొట్టించారు. సోమ నుంచి శని దాకా ఆరు గళ్ళు. చేరిన మొదటి నెలలోనే అడిగింది సులోచన: "శనివారం గది మూశాక, ఆదివారం పెట్టిన పిల్లల్ని ఎక్కడ రాయాలండీ?" ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా, "సోమవారం గడిలో రాసెయ్. ఒక్కరోజుకి ఏమవుద్ది?" అన్నారు.

అంత పెద్ద సారు ఏమీ కాదన్నాక ఏమవుద్ది? రాసేసింది. నాలుగేళ్ళుగా రాస్తోంది.

*

గురువారం మధ్యాహ్నం, ల్యాబులో శ్రీలేఖ ఒక్కతే ఉండగా సులోచన లోపలికెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

"ఏంటి సులోచన గారూ?"

"నేను పాడుచేసిందేంటో ఒకసారి చూపించండి మేడమ్. ఉద్యోగం పోయేది ఎటూ పోద్ది. ఎందుకు పోయిందో చూసి పోతాను."

శ్రీలేఖ మొహం కందింది. లేచి స్టూలు ఖాళీ చేసింది. "ఈ కన్ను ఇక్కడ పెట్టండి. రెండోది మూసుకోవద్దు."

మొదట వెలుగు తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత గులాబీరంగు చారలు, చారల మధ్య నీలం చుక్కలు.

"ఆ గులాబీవి గుండె కండలో కణాలు. నీలంది గింజ. ఇది నిజంగా రెండో రోజుది. ఒక్కో కణంలో ఒక్కో గింజ ఉంది, చూశారా? పుట్టిన కొత్తల్లో గుండె ఎదిగేది ఇలాగే. ఒక కణం రెండుగా చీలుతుంది, రెండు నాలుగవుతాయి. లెక్క పెరుగుతుంది."

"ఊఁ."

"ఎలకలో ఆ ముచ్చట మూణ్ణాలుగు రోజులే." స్లైడు మార్చింది. "ఇప్పుడు చూడండి. ఇది కూడా రెండో రోజుదే, మన రిజిస్టరు ప్రకారం. అయిదో నంబరు తల్లిది."

సులోచన చూసింది. చాలా గళ్ళలో రెండేసి నీలం చుక్కలు ఉన్నాయి, పక్కపక్కనే.

"వేరుశెనక్కాయలా ఉందండీ. ఒక తొక్కలో రెండు పలుకులు."

శ్రీలేఖ ఆమెకేసి చూసింది. "సరిగ్గా అదే. లోపల గింజ రెండవుతుంది, తొక్క మాత్రం చీలదు. కణం విడిపోవడం మానేస్తుంది. అక్కణ్ణించి ఇంక లెక్క పెరగదు, ఉన్న కణాలే లావెక్కుతాయి. పెద్ద ఎలక గుండె పెద్దదయ్యేది అలాగే. చీలే రోజుల్లో దెబ్బ తగిలితే కొత్త కణాలొచ్చి మానుతుంది. ఆ రోజులు దాటాక తగిలితే మచ్చే మిగులుతుంది. ఎన్నో రోజున మారుతోంది, ఎందుకు మారుతోంది, నా పనంతా అదే. అందుకే ఒక్కరోజు తేడా వచ్చినా..."

సులోచన అద్దం మీంచి కన్ను తీసింది. ఒక్కరోజు.

అయిదో నంబరు. దేవుడి వాక్యం కింద, పెన్సిల్‌తో. శని రాత్రి. సోమవారం గడిలో రాసింది. సోమవారం మొదటి రోజని లెక్కేసి మంగళవారం రెండో రోజని కోశారు. శని, ఆది, సోమ, మంగళ. నాలుగు. వేళ్ళు మడిచి లెక్కపెట్టడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు.

నాలుక చివరిదాకా వచ్చింది. ఏంజెల్ పెట్టిన దణ్ణం కళ్ళముందు నిలబడింది. సులోచన మింగేసి ఇంకేదో అడిగింది.

"మనుషుల్లో మేడమ్? పుట్టాక ఎన్నాళ్ళ దాకా అలా చీలుతుందండీ? మా అమ్మాయి నెలల పిల్లప్పుడు ఓ రాత్రంతా ఒళ్ళు నీలంగా అయిపోయి ఉంది..."

"మనుషుల్లో సరిగ్గా తెలీదండీ."

"తెలీదా?"

"తెలీదు. కొంచెం కొంచెం చీలుతూనే ఉంటాయంటారు. ఎంతో, ఎందాకో ఇంకా తెలీదు."

సులోచన స్టూలు దిగింది. ఇరవై ఏళ్ళు చదివి, అద్దాలు పెట్టుకుని, ఇన్ని ప్రాణాలు కోసి, చివరికి తెలీదంట! అదీ సిగ్గులేకుండా, టిఫిను తిన్నానన్నంత తేలిగ్గా. ఆమె పదో తరగతి తప్పింది. కానీ పెట్టెలో పిల్లెప్పుడు పుట్టిందని ఎవరైనా అడిగితే ఈ నాలుగేళ్ళలో తెలీదన్న మాట తన నోట రాలేదు.

"వస్తానండీ," అంది. తలుపు దాకా వెళ్ళాక వెనక నుంచి ఆ పిల్ల, "సులోచన గారూ, సోమవారం గడిలోనే పిల్లలెక్కువ పుడతాయేంటి?" అంది, తనలో తను అనుకుంటున్నట్టు.

సులోచన వినపడనట్టు వెళ్ళిపోయింది.

*

ఆదివారం ఆరాధన అయ్యేసరికి పన్నెండున్నర. తెల్లచీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుని సులోచన సీసాలు నింపుతోంది. గుమ్మంలో నీడ పడింది. చేతిలో సీసా జారి నేలమీద దొర్లింది. అయిపోయింది. సార్‌కి తెలిసిపోయింది, సెలవురోజు దొంగతనంగా గదిలో దూరిందని రాస్తారు, పోలీసు...

"నేనేనండీ," అంది శ్రీలేఖ.

బందరు నుంచి రైల్లో వచ్చినట్టుంది. జుట్టంతా గాలికి రేగి ఉంది. గుమ్మం దాటి లోపలికొచ్చింది. చేతులకి గ్లవ్స్ లేవు. దొర్లిన సీసా తీసి ఇచ్చింది.

"ఆదివారం ఇక్కడ ఎవరూ ఉండరనుకున్నాను. ఉండరు కాబట్టే, ఆదివారం ఇక్కడేం జరుగుతుందో చూద్దామని వచ్చాను. తేడా వచ్చిన పెట్టెలన్నీ సోమవారం గడివే. ఒక్కటి కూడా మంగళ, బుధవారాల్లో లేదు. మీరు కలిపితే సోమవారం మాత్రమే ఎందుకు కలుపుతారు?"

సులోచన కుచ్చిళ్ళు దించుకుంది.

"మీరు ప్రతి ఆదివారం వస్తారా?"

"సీసా కారుద్దేమోనని వస్తానండీ. అంతకుమించి ఏం ముట్టుకోను."

"ఆదివారం పిల్లలుంటే కనిపిస్తాయి కదా?"

సులోచన నింపిన సీసా మూత బిగించింది. ఏంజెల్ మార్కులు. దయానందం ఆటో. ఆ రెంటి మధ్యలోంచి, ఎప్పట్నుంచో లోపల మరుగుతున్నదేదో పొంగింది.

"కనిపిస్తాయండీ," అంది సులోచన. "కళ్ళుంటే ఎవరికైనా కనిపిస్తాయి. ఆదివారం మధ్యాహ్నానికి ఒళ్ళు ఆరి, పొట్టలో పాలు కనపడుతుంటే రాత్రి పుట్టినట్టు. తడిగా ఉంటే అప్పుడే పుట్టినట్టు. మీ సార్‌ని అడిగాను, ఎక్కడ రాయమంటారని. మీ పుస్తకంలో ఆదివారానికి చోటు లేదు. దేవుడు ఏడు రోజులిచ్చాడు, మీ సార్ ఆరు కొట్టించాడు."

శ్రీలేఖ గోడకి జారబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "ఎక్కడైనా రాశారా?"

సులోచన ఆమెని ఇంటికి తీసికెళ్ళింది. ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. ఏంజెల్ లోపలి గదిలోంచి చూసి తల్లికేసి పళ్ళు బిగించింది. సులోచన క్యాలెండర్ తెచ్చి ఒళ్ళో పెట్టింది. శ్రీలేఖ వేలు గళ్ళ మీద నడిచింది. "అయిదు, శని రాత్రి. పదకొండో నంబరు, పోయిన కాన్పు, శని రాత్రి. పద్నాలుగు, శని రాత్రి... అన్నీ సరిపోతున్నాయి. ఇవి రెండో రోజువి కానే కాదు, నాలుగో రోజువి. గుంపుకి నాలుగు తల్లులుండాలి. అయిదు, పదకొండు, పద్నాలుగు... తొమ్మిదో నంబరు తల్లిది ఏదండీ?"

వేలు ఆగిన ఆదివారం గడిలో ఎలక నంబరేదీ లేదు. ఒక్కటే రాసుంది: ఏంజెల్, జ్వరం.

"తొమ్మిదోది కూడా సోమవారం గడిలోనే ఉంది రిజిస్టరులో," అంది శ్రీలేఖ. "దాని స్లైడే అటూ ఇటూ కాకుండా ఉంది. ఇది శనివారమా, ఆదివారమా?"

దివిసీమ వరండాలో నూనె అంటిన అరచెయ్యి గుర్తొచ్చింది సులోచనకి. సోమవారం పొద్దున పరుగున వచ్చి చూసింది; అప్పటికే పిల్లలు ఎనిమిది, పాలు తాగి ఉన్నాయి. రాత్రివో, మొన్నటివో. ఆ రెంటి మధ్య తేడా చెప్పే గుర్తు సోమవారానికి ఉండదు. సిగ్గు చెంపల్లోకి పాకింది. ఈ పిల్ల ముందు తెలీదనడమా?

"శనివారమేనండీ," అంది. "మధ్యాహ్నం తాళం వేసేటప్పుడే పొట్ట దిగి ఉంది. రాత్రికే పెట్టుంటది."

"శనివారమే కదా?"

"శనివారమే."

శ్రీలేఖ మూడోసారి అడగలేదు. అడగకపోవడం సులోచన గమనించింది.

*

సోమవారం పొద్దున పిచ్చేశ్వరరావు గారు వేరే మనిషి. గుమ్మం అవతలే, కానీ రుమాలు జేబులో ఉంది.

"మా శ్రీలేఖ చెప్పింది. శభాష్! నేనే ట్రైనింగ్ ఇచ్చాను కదా మీకు, జాగ్రత్తగా ఉంటారని నాకు తెలుసు." 'నువ్వు' పోయి 'మీరు' వచ్చింది. "ఇదిగో, కొత్త రిజిస్టరు. ఏడు గళ్ళు గీయించాను. ఆ క్యాలెండర్లో ఉన్నదంతా ఇందులో ఎక్కించి సంతకం పెట్టండి. పాతది, క్యాలెండరు ఇంక ఎందుకులే, ఆవిడకి చూపిస్తే బాగోదు. మీ అమ్మాయి మూడో ఏడు కదూ? బాగా చదువుతుంది."

నిన్నటిదాకా నిర్లక్ష్యం చేసిన ఆయా, ఇవాళ ట్రైనింగైన మనిషి. ఊసరవెల్లికి కూడా రంగు మారడానికి కాసేపు పడుతుంది. సులోచన పుస్తకం తీసుకుని స్టూలు మీద పెట్టుకుని రాయడం మొదలెట్టింది. అయిదు. పదకొండు. పద్నాలుగు. తొమ్మిదో వరసలో శనివారం గడి మీద శ్రీలేఖ అప్పటికే పెన్సిల్‌తో సన్నగా చుక్క పెట్టి ఉంచింది, ఇక్కడ రాయమన్నట్టు.

పెన్ను ఆ చుక్క మీదికి రాకముందే రత్నకుమారి గారు వచ్చారు, వెనకే శ్రీలేఖ. ఆవిడకి అరవై ఏళ్ళుంటాయి, నూలుచీర, కాళ్ళకి రబ్బరు చెప్పులు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం కూడా ఆగకుండా లోపలికొచ్చి, రెండు పెట్టెల్లోకి వంగి చూసి, "ఊక శుభ్రంగా ఉందే. ఎవరు చూస్తారు?" అన్నారు.

"మా సులోచన గారండీ," అన్నారు పిచ్చేశ్వరరావు గారు, గుమ్మం లోంచే. "చాలా సిన్సియర్."

"ఈ పుస్తకమేంటి, ఇంకా ఇంకు వాసన వస్తోంది?"

"అదే మేడమ్, పాతదాంట్లో గళ్ళు చాల్లేదు. నీట్‌గా ఎత్తి రాయిస్తున్నాం. అయిపోవచ్చింది. ఊఁ, తొమ్మిదోది రాసెయ్యండి సులోచన గారూ. శనివారం."

సులోచన పెన్ను పట్టుకుని గడిలోకి చూసింది. రాస్తే అయిపోతుంది. నాలుగు తల్లులు నిండుతాయి. శ్రీలేఖ చదువు ఒడ్డెక్కుతుంది, ఏంజెల్ మార్కులు ఒడ్డెక్కుతాయి, తన కూడూ గుడ్డా ఒడ్డెక్కుతాయి. ఒక్కరోజుకి ఏమవుద్ది?

ఆ మాట తనకి తనే చెప్పుకున్నట్టు అనిపించలేదు. గుమ్మంలోంచి, ఫోన్లోంచి తలెత్తకుండా ఎవరో చెప్పినట్టు వినపడింది. ఆ గొంతు తన గొంతులో దూరిందేంటి? సులోచనకి రోత పుట్టింది. ఆయన మీద కాదు. ఆయన మీద రోత పాతదే, దాంతో బతకడం అలవాటు. ఈసారి అది తన మీదికి తిరిగింది. చూడనిది చూశానని చెప్పడానికి తనకి గుమ్మం కూడా అక్కర్లేకపోయింది. ప్లాస్టిక్ కుర్చీ ముందు నిలబడి చెప్పేసింది.

శనివారం గడి వదిలేసి, సోమవారం గడీ వదిలేసి, ఏడో గడిలో రాసింది, పదో తరగతి తప్పిన గుండ్రటి అక్షరాలతో: చూడలేదు.

"ఇదేంటి?" అన్నారు పిచ్చేశ్వరరావు గారు. ఆ అరుపులో బూటు గుమ్మం ఇవతల పడింది. నాలుగేళ్ళలో మొదటిసారి. "నిన్న శనివారం అన్నావంటగా!"

"అన్నానండీ. అబద్ధం చెప్పాను." సంచిలోంచి క్యాలెండర్ తీసి రత్నకుమారి గారి చేతికిచ్చింది. "ఆ ఆదివారం నేను లేనమ్మా. మా అమ్మాయికి జ్వరమని దివిసీమ పోయాను. జ్వరం కూడా లేదు. తొమ్మిదో దానికి ఎప్పుడు పుట్టాయో నాకు తెలీదు."

రత్నకుమారి గారు ఒక్కో నెలా తిప్పుతూ చాలాసేపు చూశారు. "స్లైడు చూస్తే తెలుస్తుంది కదా శ్రీలేఖా, శనివారమో కాదో?" అన్నారు, పరీక్ష పెడుతున్నట్టు.

శ్రీలేఖ సులోచన వైపు చూసింది.  "గుండెని చూసి రోజు రాసుకుని, ఆ రోజుకి గుండె సరిపోయిందని చెప్పలేమండీ. తొమ్మిదోది తీసేస్తాను. నిన్ననే తియ్యాల్సింది. గుంపులో మూడే మిగులుతాయి. ఇంకో తల్లితో మళ్ళీ చెయ్యాలి."

"తూకపురాయి లేకుండా సరుకుతో సరుకు తూచినట్టు," అంది సులోచన గొణుగుతూ.

రత్నకుమారి గారు అది విన్నారు. పిచ్చేశ్వరరావు గారి వైపు తిరిగి, "పాత రిజిస్టరు కూడా నాకు కావాలి. ఆదివారానికి గడి ఎందుకు లేదు మీకు?" అన్నారు.

"అది... ప్రెస్సువాడు మేడమ్..." అన్నారాయన. రుమాలు కోసం జేబు తడుముకున్నారు.

వాళ్ళు ముగ్గురూ ఆఫీసు గదిలోకి వెళ్ళారు. తలుపు మూసుకుంది. లోపల గొంతులు పెరిగాయి, తగ్గాయి, మళ్ళీ పెరిగాయి. ఏం మాట్లాడుకుంటున్నారో ఇక్కడికి వినపడదు. సులోచన పదహారో నంబరు పెట్టె దించింది. తల్లి పొట్ట నిండుగా ఉంది, ఇవాళో రేపో పెడుతుంది.

గుమ్మంలో ఏంజెల్. క్లాసు మధ్యలో వచ్చినట్టుంది, తెల్లకోటు గుండీలు పెట్టుకోలేదు. ఎప్పుడూ రాదు ఇటు. మొహం పాలిపోయి ఉంది.

"ఏం రాశావమ్మా? అందరూ ఏదేదో అంటున్నారు. సార్ ఇప్పుడేం చేస్తాడు? నా ఇంటర్నల్స్ ఏమవుతాయి?"

సులోచన దగ్గర ఇలాంటి ప్రశ్నకి ఎప్పుడూ జవాబు సిద్ధంగా ఉండేది, చివరి శవం దాకా.  

"తెలీదే," అంది.

పెట్టెలోంచి గుప్పెడు ఊక తీసి రెండు అరచేతులకీ రుద్దుకుంది.